తడి ఆరకముందే టులెట్ బోర్డు

ఇంటి పని సగంలో ఉండగానే టులెట్ బోర్డు పెట్టడం ముందుచూపు అనుకున్నాను. పని పూర్తయ్యేలోపు మనుషులు దొరుకుతారు, పెయింటు ఆరిన రోజే దిగిపోతారు, ఒక్క నెల అద్దె కూడా పోదు. ఇదీ నా లెక్క. ఆ లెక్కలో ఉన్నది నా నష్టం ఒక్కటే. నా మాట నమ్మి, ఉంటున్న ఇల్లు ఖాళీ చేసేవాళ్ళ సంగతికి అందులో చోటు లేకపోయింది. 2023 వేసవిలో నేను చేసిన ఆ పని గురించి ఇన్నాళ్ళకు రాయాలనిపించింది. మా కాలనీలో ఇప్పటికీ ఇసక కుప్ప పక్కనే టులెట్ బోర్డు వేలాడటం చూస్తున్నాను కనక.

మాది వనస్థలిపురంలో రెండంతస్తుల ఇల్లు. కింద నేనూ మా ఆయనా ఉంటాం. మేడ మీద డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ అద్దెకిస్తాం. ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు ఆ ఏడాది ఉగాది వెళ్ళాక సొంతింటికి మారారు. వాళ్ళున్నప్పటి నుంచే పై బాత్రూమ్ చెమ్మ మా వంటింటి స్లాబుకు దిగుతుండేది. సున్నం పెచ్చులు పెచ్చులుగా పొయ్యి గట్టు మీద రాలేది. ఎలాగూ ఖాళీ అయింది కదా, బాత్రూమ్ ఒక్కటీ బాగు చేయిద్దామని మొదలుపెట్టాం. నేల పగలగొట్టాక పైపులన్నీ మార్చాలన్నారు. పైపుల కోసం గోడలు తవ్వుతుంటే కరెంటు వైర్లు పాతవి, గీజరుకూ ఏసీకీ ఆగవన్నారు. వంటింట్లో పాత కడప రాయి తీసి గ్రానైటు వేయించాలన్నది మాత్రం నా కోరికే. చిట్టీ పాడి తెచ్చిన డబ్బు అది. నేను రిటైరైన టీచర్ని. పింఛను ఇంటి ఖర్చుకు సరిపోతుంది, చిట్టీ వాయిదా మేడ మీది అద్దెలోంచి కట్టాలని మా ఏర్పాటు. అందుకే ఆ పోర్షన్ ఖాళీగా ఉన్న ప్రతి రోజూ నాకు గుబులుగానే ఉండేది.

దానికి తోడు పంచాంగం. హైదరాబాద్‌లో అద్దె ఇళ్ళకు ఒక అదను ఉంది. బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లోనే ఇల్లు వెతుక్కుంటారు. జూన్ 12న బళ్ళు తెరిచేసరికి సామాను సర్దేసుకోవాలి. ఆ తర్వాత ఆషాఢం. శూన్యమాసంలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు. ఆ ఏడాది జూన్ 19న ఆషాఢం మొదలైంది. అది అయ్యాక మామూలుగా అయితే శ్రావణం వచ్చేసేది, కానీ ఆసారి జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. అంటే జూన్ మూడో వారం దాటితే మళ్ళీ రెండు నెలల దాకా ఇల్లు మారేవాళ్ళు ఉండరు. ఈ సంగతి ఎదురింటావిడ చెప్పింది. "ఇప్పుడు బోర్డు పెట్టకపోతే వరలక్ష్మీ వ్రతం దాకా తాళమే వదినా" అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. రెండు నెలల అద్దె, రెండు చిట్టీ వాయిదాలు. వేరే ఆలోచన రాలేదు.

ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. అదను ఉన్నమాట నిజం, దాన్ని పోగొట్టుకుంటే నష్టమన్నమాటా నిజం. నేను చూసుకోవాల్సింది నా ఇల్లు ఆ అదనుకు అందుకుంటుందా లేదా అని. అది చూడకుండా, అదను ఉంది కాబట్టి ఇల్లే అందుకోవాలని నిర్ణయించేసుకున్నాను.

మేస్త్రీని అడిగాను, మే నెలాఖరుకు అయిపోతుందా అని. "అయిపోతది మేడమ్, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అతను అబద్ధమేమీ ఆడలేదు. నేను అడిగింది ఇంటి గురించి, అతను చెప్పింది తన పని గురించి. తాపీ పని మే నెలాఖరుకు నిజంగానే అయిపోవచ్చింది. కానీ తాపీ పని అయ్యాక గోడ ఆరాలి, ఆరాక పెయింటర్ రావాలి, పెయింటర్ లప్పం పెట్టి గీకి ప్రైమర్ కొట్టాక ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్చులు బిగించాలి, ప్లంబర్ కుళాయిలు బిగించాలి, ఆ చేతుల మరకలు పడ్డాక ఆఖరి కోటు వేయాలి. వీళ్ళలో ఒక్కొక్కరికీ ఊళ్ళో ఇంకా నాలుగైదు చోట్ల పని ఉంటుంది. ఒకరు రెండు రోజులు ఆలస్యమైతే తర్వాతి మనిషి వేరే ఇంటికి వెళ్ళిపోతాడు, అక్కడ పని ముగిసేదాకా రాడు. అలా రెండు రోజుల ఆలస్యం వారమవుతుంది. మే నెలలో పెళ్ళిళ్ళు, ఊళ్ళకు పోయేవాళ్ళు, ఎండలు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. తేదీ అడిగేటప్పుడు గుర్తు తెచ్చుకోలేదు.

సిమెంటు తన సమయం తాను తీసుకుంటుంది. కొత్త ప్లాస్టరింగ్‌ను కనీసం వారం రోజులు నీళ్ళతో తడపాలి, లేకపోతే నెర్రెలిస్తుంది. తడిపిన ఆ నీళ్ళు లోపలి నుంచి బయటికి రావడానికి ఇంకొన్ని వారాలు కావాలి. తెలిసిన పెయింటర్లు కొత్త గోడ మీద నెల రోజుల లోపు రంగు వేయనంటారు. తొందరపెట్టి వేయిస్తే లోపలి తడి ఉప్పుతో సహా రంగును తోసుకుని బయటికి వస్తుంది. బాత్రూమ్‌కు ఇంకో పరీక్ష ఉంది. వాటర్ ప్రూఫింగ్ చేశాక, టైల్స్ వేయకముందు, నహానీ ట్రాప్‌కు బిరడా కొట్టి నేలంతా నీళ్ళు నిలగట్టి, కనీసం ఒక పగలూ ఒక రాత్రీ కింద స్లాబు చూడాలి. ఈ పరీక్ష కాకుండా ఆ ఇంటికి తేదీ చెప్పే హక్కు ఎవరికీ లేదని ఇప్పుడు నా నమ్మకం. నేనైతే ఆ పరీక్షకు ముందే బోర్డు పెట్టాను, ఇళ్ళ వెబ్‌సైట్‌లో ప్రకటన కూడా ఇచ్చాను. హాలు ఫొటో తీసేటప్పుడు సిమెంటు బస్తాలు కనపడకుండా కిటికీ వైపు తిరిగి తీశాను. బాత్రూమ్ ఫొటో పెట్టలేదు. "జూన్ 1 నుంచి సిద్ధం" అని రాశాను.

ఫోన్లు విపరీతంగా వచ్చాయి. కొత్త ప్రకటనకు మొదటి నాలుగు రోజులే ఊపు. చూడటానికి వచ్చినవాళ్ళకు హాల్లో ఇసక, బెడ్‌రూమ్‌లో టైల్స్ పెట్టెలు, గోడలకు గాట్లు. ఇక్కడ మంచం పడుతుంది, అక్కడ ఫ్రిజ్ వస్తుందని నేను చేతులు చాపి చెప్తుంటే వాళ్ళ కళ్ళు దుమ్ము మీదే ఉండేవి. నచ్చిన ఇల్లు కావాలనుకునేవాళ్ళు మర్యాదగా తల ఊపి వెళ్ళిపోయారు. పని అయ్యాక రమ్మంటే వాళ్ళు మళ్ళీ వస్తారనుకోవడం కూడా నా పొరపాటే. ఒకసారి చూసి వద్దనుకున్న ఇంటికి ఎవరూ రెండోసారి మెట్లెక్కరు. కొందరు అద్దె తగ్గించమన్నారు. ఇంకొందరు షెల్ఫులు పెట్టించమన్నారు, దోమల జాలీ కొట్టించమన్నారు. అన్నింటికీ సరేనన్నాను. అలా ఒప్పుకున్న ప్రతి పనీ తేదీని ఇంకొంచెం వెనక్కి నెట్టింది.

ఒక సాయంత్రం ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, అతని తల్లి, ఇద్దరు పిల్లలు. టైల్స్ మేస్త్రి అప్పుడే వంటింటి గడప దగ్గర వరస ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. పెద్ద పిల్ల చెప్పులు విప్పి, నాకు తెలిసేలోపే ఆ కొత్త టైలు మీద కాలు పెట్టింది. టైలు ఒక మూల కుంగి, సందులోంచి సిమెంటు పాలు పైకి వచ్చాయి. పిల్ల భయపడి వాళ్ళమ్మ కొంగు పట్టుకుంది. మేస్త్రి ఏమీ అనలేదు. కూర్చుని, తాపీ మొనతో టైలు లేపి, కింద మాలు గీకేసి, కొత్తగా పరిచి, మళ్ళీ అమర్చి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, మట్టం పెట్టి చూశాడు. పైన స్విచ్ బాక్సులోంచి వైర్ల కొసలు వేలాడుతున్నాయి. వాటికి కరెంటు లేదు. ఉండి ఉంటే? ఆ పిల్ల చెయ్యి అక్కడికి అందుతుంది. పని జరుగుతున్న ఇంట్లోకి పరాయి పిల్లల్ని ఎందుకు పిలిచానన్న ప్రశ్న ఆ క్షణంలోనే నాకు తట్టాలి. నేను మాత్రం వాళ్ళకు ఇల్లు నచ్చిందా లేదా అని ఆ పిల్ల తల్లి మొహమే చూస్తున్నాను.

నచ్చింది. బడి దగ్గర, బస్సు దగ్గర, అద్దె పదిహేను వేలు. రెండు నెలల అడ్వాన్స్ ముప్పై వేలు అప్పుడే ఫోన్‌లో పంపించారు. దిగబోతూ ఆ అబ్బాయి అడిగాడు: "జూన్ ఫస్ట్‌కు ఇచ్చేస్తారు కదా ఆంటీ? మా ఓనర్‌కు చెప్పేస్తాను మరి."

"చెప్పేయండి బాబూ" అన్నాను.

నేను చేసిన అసలు తప్పు ఆ మాటే. బోర్డు పెట్టడం, ఫొటో పక్కకు తిప్పి తీయడం దానికి దారి తీసినవి. అద్దెకుండేవాళ్ళు ఖాళీ చేస్తామని నెల ముందు చెప్పాలి. చెప్పిన మర్నాడే ఆ ఓనరు కూడా బోర్డు పెడతాడు, ఇంకెవరి దగ్గరో అడ్వాన్స్ తీసుకుంటాడు. ఇక వెనక్కి వెళ్ళడానికి వాళ్ళకు ఇల్లుండదు. నేను ఒప్పుకున్నది నా పోర్షన్‌కు ఒక తేదీ. కానీ ఆ తేదీ నుంచి అయిదుగురికి వేరే నీడ ఉండదని అప్పుడు నాకు తోచలేదు. అడ్వాన్స్ అందింది, చిట్టీ గండం గడిచిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మే ఆఖర్లో నీళ్ళు నిలగట్టారు. పొద్దున లేచేసరికి మా వంటింట్లో మళ్ళీ బొట్లు. పైన చూస్తే నీళ్ళు సగానికి దిగిపోయాయి. గోడలోంచి పోయే పాత వేస్ట్ పైపు పగిలి ఉందని, దాన్ని ఎవరూ ముట్టుకోలేదని అప్పుడు తేలింది. వేసిన వాటర్ ప్రూఫింగ్ తవ్వాలి, పైపు మార్చాలి, మళ్ళీ కోటింగ్, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఎదురుచూపు. ఆ అబ్బాయికి వెంటనే ఫోన్ చేయాల్సింది. చేయలేదు. ఎలాగోలా అయిపోతుందనుకున్నాను. వాళ్ళు సామాను సర్దుకుంటున్నారని తెలిసీ రెండు మూడు రోజులు ఊరుకున్నాను. చెప్పి ఉంటే వాళ్ళ ఓనరుతో మాట్లాడుకునేవారేమో, ఇంకో ఇల్లు చూసుకునేవారేమో. నా మౌనం వాళ్ళకు ఆ అవకాశం కూడా లేకుండా చేసింది.

జూన్ మొదటి తేదీన వాళ్ళు తమ ఇల్లు ఖాళీ చేశారు. సామాను మా మేడ మీద ముందు గదిలో ప్లాస్టిక్ కవర్లు కప్పి పెట్టించాం. వాళ్ళు ఉప్పల్‌లో ఆ అమ్మాయి అన్నగారింట్లో సర్దుకున్నారు. బడి తెరిచినప్పుడు పెద్ద పిల్ల అక్కణ్ణించి రెండు బస్సులు మారి వచ్చింది. ఆషాఢం ముంచుకొస్తోందని, బాత్రూమ్ అవకపోయినా ఒక బుధవారం మంచి ఘడియ చూసుకుని పాలు పొంగించి దిగిపోయారు. స్నానాలకు, మిగతా అవసరాలకు కింద మా బాత్రూమ్ వాడుకోమన్నాం.

ఆ పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు. మా మెట్లు బయటి నుంచి ఉంటాయి, వాటికి కూడా కొత్త వైరు లాగుతున్నందువల్ల లైటు లేదు. ఒక రాత్రి మెలకువ వచ్చి తలుపు తీస్తే, ఆవిడ మెట్ల మధ్యలో ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో చిన్న టార్చి పట్టుకుని కూర్చుని ఉన్నారు. పైకి ఎక్కుతూ ఆయాసమొచ్చి ఆగారట. నన్ను చూసి "నిద్ర పాడు చేశానా అమ్మా" అన్నారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇంటి ఓనరును నేను, నిద్ర పాడైనందుకు క్షమాపణ ఆవిడది. చెయ్యి పట్టుకుని పైదాకా తీసుకెళ్ళాను. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఆ మెట్ల లైటు వేయించాను. ఒక బల్బు, ఒక స్విచ్చు. వాళ్ళు దిగకముందే వేయించాల్సిన పని.

వాళ్ళు ఒక్కసారైనా గట్టిగా మాట్లాడి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఏ కాగితం ప్రకారం మాట్లాడతారు? మన అద్దె అగ్రిమెంట్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా పదకొండు నెలలకు రాసుకుంటాం. అద్దె ఏ తేదీకి ఇవ్వాలి, ఖాళీ చేస్తే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, పెయింటుకు ఎంత పట్టుకుంటాం, అన్నీ అద్దెకున్నవాళ్ళు చేయాల్సినవే. ఓనరు ఏ తేదీకి, ఏ స్థితిలో ఇల్లు అప్పగించాలో రాసిన అగ్రిమెంటు నేను చూడలేదు. చట్టంలో లేదా అంటే ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో, ఎదుటివాళ్ళు మామూలుగా చూసి కనిపెట్టలేని లోపం తనకు తెలిసి ఉంటే ఓనరు చెప్పి తీరాలని, అద్దెకు తీసుకున్నవాళ్ళు అడిగితే ఆస్తిని స్వాధీనం చేయాలని ఉంది. మా స్లాబుకు చెమ్మ దిగుతోందని నాకు తెలుసు. వాళ్ళకు చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి తీసిన ఆ ఫొటో చట్టం లెక్కలోనూ మంచి పని కాదు.

బాత్రూమ్ జూన్ ఆఖరుకు పూర్తయింది. గోడలు ఆరకుండానే పెయింటు వేయించాను. జులై మూడో వారం నుంచి వానలు పట్టుకున్నాయి, బళ్ళకు సెలవులిచ్చారు. పిల్లల గదిలో బాత్రూమ్ వైపు గోడకు ముందు చిన్న చిన్న బుడగలు లేచాయి. వేలితో నొక్కితే లప్పం పొరలుగా ఊడి వచ్చింది, కింద తెల్లగా ఉప్పు. చిన్న పిల్లాడికి దగ్గు పట్టుకుంది. చెమ్మ వల్లే వచ్చిందని నేను చెప్పలేను, కాదని కూడా అనలేను. వాళ్ళు మంచం ఆ గోడకు దూరంగా జరుపుకున్నారు. నిజ శ్రావణం రాగానే వేరే ఇల్లు చూసుకుంటున్నామని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది. అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చేశాను. జూన్ నెల అద్దె కూడా కలిపి పంపితే, అది వాళ్ళు మళ్ళీ నాకే పంపేశారు. సామాను ఉంచుకున్నాం కదా ఆంటీ అన్నారు. ఆ డబ్బు ముట్టుకోవడానికి నాకు చాలా రోజులు చెయ్యి రాలేదు.

ఆ గోడ గీకించి మళ్ళీ వేయించడానికి అయిన ఖర్చు, ఖాళీగా ఉన్న నెలలు కలిపితే నేను పోకూడదనుకున్న అద్దెకంటే ఎక్కువే పోయింది. ఇంకో సంగతి కూడా తెలిసింది. మళ్ళీ బోర్డు పెట్టినప్పుడు వచ్చినవాళ్ళు, మొన్న మేలోనే ఈ ప్రకటన చూశాం కదా, ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు దిగలేదు, వాస్తు బాగాలేదా అని అడిగారు. పాతబడిన ప్రకటన ఇంటిమీద అనుమానం పుట్టిస్తుంది. ఇల్లు బాగున్నప్పుడు చూపించడానికి దాచుకోవాల్సిన మొదటి నాలుగు రోజుల ఊపును నేను సిమెంటు బస్తాల మధ్య ఖర్చు పెట్టేశాను.

ఎప్పుడు బోర్డు పెట్టాలని ఎవరైనా అడిగితే నేనిప్పుడు పంచాంగం వైపు చూడను, బాత్రూమ్ నేల వైపు చూస్తాను. నీళ్ళు నిలిచి, కింద స్లాబు పొడిగా ఉండి, తడి పని అంతా అయిపోయి, లప్పం, రంగు, స్విచ్చులు, కుళాయిలు మాత్రమే మిగిలినప్పుడు పెట్టొచ్చు. అప్పటికి తేదీ చెప్పడం కొంతవరకు మన చేతిలో ఉంటుంది. అప్పుడైనా పనివాళ్ళు చెప్పిన రోజుకు రెండు మూడు వారాలు కలిపే చెప్పాలి. అదను తప్పిపోతుందన్న భయం ఉన్నవాళ్ళు పనినే ముందుకు జరుపుకోవాలి. మే నెలలో మనుషులు దిగాలంటే సంక్రాంతి వెళ్ళగానే గోడ తవ్వాలి. అప్పటికి పాతవాళ్ళు ఖాళీ చేయకపోతే ఆ ఏడాది శ్రావణం దాకా ఆగడమే మేలు. తప్పనిసరై పని మధ్యలో ఎవరికైనా చూపించాల్సి వస్తే చూపించండి, లోపం ఎక్కడుందో చెప్పండి, అడ్వాన్స్ మాత్రం తీసుకోకండి. అడ్వాన్స్ తీసుకున్న క్షణం నుంచి ఆ తేదీని నమ్ముకుని అవతల ఒక కుటుంబం సామాను కట్టుకుంటుంది.

ఈమధ్య ఆ పోర్షన్ మళ్ళీ ఖాళీ అయింది. వంటింటి సింకు వైపు గోడ కొంత తవ్వి పైపు మార్పించాల్సి వచ్చింది. ఫలానా ఇల్లు ఖాళీగా ఉందని విని, బోర్డు లేకపోయినా ఒక జంట వచ్చారు. లోపలికి తీసుకెళ్ళి తవ్విన గోడ చూపించాను. వాళ్ళకు నచ్చింది, అడ్వాన్స్ పంపుతామని ఫోన్ తీశారు. వద్దన్నాను. "మీ ఓనర్‌కు ఇప్పుడే చెప్పకండి. గోడ ఆరాలి, రంగు పడాలి. అయ్యాక నేనే ఫోన్ చేస్తాను. వచ్చి కుళాయిలన్నీ తిప్పి చూసుకోండి, స్విచ్చులన్నీ వేసి చూసుకోండి, అప్పుడు వాళ్ళకు చెప్పండి" అన్నాను. ఆ అబ్బాయి కొంచెం ఆశ్చర్యపోయాడు. ఈలోపు ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమోనని ఆ అమ్మాయి అడిగింది. ఇవ్వనని చెప్పి, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. పని అయ్యాక వచ్చి చూసుకున్నారు, వాళ్ళ ఓనరుకు అప్పుడు చెప్పారు, నెల గడిచాక దిగారు. ఆ నెల అద్దె రాలేదు. చిట్టీ వాయిదా పింఛనులోంచి కట్టాను.